తల వెనక్కి వంచితేనే కనిపించే పుండు

ఎవరైనా చుట్ట కాలిస్తే నిప్పు బయట ఉంటుంది, కొస నోట్లో ఉంటుంది. శ్రీకాకుళం నుంచి గంజాం తీరం దాకా ఉన్న తెలుగు పల్లెల్లో పెద్దతరం ఆడవాళ్ళు చాలామంది దాన్ని తిరగేసి కాలుస్తారు. నిప్పున్న కొస నోట్లోకి పోతుంది, నిప్పులేని కొస పెదాల బయట ఉంటుంది. దీని పేరు అడ్డపొగ. గాలి ఎంత వీచినా చుట్ట ఆరిపోదు. తడి చేతులతో పట్టుకోనక్కర్లేదు కాబట్టి నాట్లేస్తున్నా, చేపలు ఎండబెడుతున్నా, బట్టలు ఉతుకుతున్నా పొగ సాగుతూనే ఉంటుంది. అమ్మ కాల్చింది, అమ్మమ్మ కాల్చింది, తానూ నేర్చుకుంది. ఇక నాలుక సంగతి. నిప్పు తగలకుండా తప్పుకోవడం దానికి కొన్నాళ్ళకు అలవాటైపోతుంది. అలా తప్పుకోలేనిది అంగుడు (నోటి పైకప్పు) ఒక్కటే.

అంగుడి గట్టిభాగంలో క్యాన్సర్ పుట్టడం ప్రపంచంలో మిగతా చోట్ల అరుదు. ఈ తీరంలో మాత్రం అది వైద్యులు పదే పదే చూసిన జబ్బు. కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్‌కూ నిప్పుకొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడానికీ ఉన్న సంబంధాన్ని 1957లోనే రెడ్డి, రావు అనే ఇద్దరు వైద్యులు ఒక వైద్య పత్రికలో రాశారు. ఆ తర్వాత డెన్మార్క్ నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థలోని ఫాలీ మెహతా, వారి బృందం శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు చూశారు. ఆ లెక్కలు 1971లో బ్రిటన్ పత్రికలో అచ్చయ్యాయి. చూసినవాళ్ళలో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ వాళ్ళే. అంగుడు తెల్లబారడం, లాలాజల గ్రంథుల రంధ్రాల చుట్టూ ఎర్రటి చుక్కలు తేలడం, రంగు పోవడం లేదా నల్లబడటం, మచ్చలు, చివరికి మానని పుండు. ఇవన్నీ ఒకే నోట్లో వేర్వేరు దశల్లో కనిపించాయి. నోటి క్యాన్సర్ మీద వచ్చిన పెద్ద పాఠ్యగ్రంథాల్లో ఇప్పటికీ ఈ తీరపు ఆడవాళ్ళ అంగిళ్ళ వర్ణన ఉంటుంది. వాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

తర్వాత జరిగింది ఇంకా విలువైన పని. 1970ల చివరలో అదే బృందం కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్, మన శ్రీకాకుళం జిల్లాల్లో పొగాకు వాడే 36 వేల మందిని ఎంచుకుని, ఏళ్ళ తరబడి ముఖాముఖి మాట్లాడుతూ, బొమ్మలూ సినిమాలూ చూపిస్తూ మాన్పించే ప్రయత్నం చేసింది. ఫలితం 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మానేసినవాళ్ళలో, బాగా తగ్గించినవాళ్ళలో కొత్త మచ్చలు పుట్టడం తగ్గింది. ‘ఇన్నేళ్ళు కాల్చాక ఇప్పుడు మానితే ఏం లాభం’ అనే ముసలమ్మ మాటకు శాస్త్రం ఇచ్చిన జవాబు ఇదే. వయసు మళ్ళాక మానినా అంగుడు కొంత కోలుకుంటుంది. ఈ మాట చెప్పడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. అయితే చెప్పేవాళ్ళు ఊళ్ళోకి రావాలి, విన్నవాళ్ళకు అర్థమయ్యే భాషలో చెప్పాలి.

అక్కడే ఆంధ్ర–ఒడిశా సరిహద్దు అడ్డొస్తుంది. ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు వెళితే మాట పెద్దగా మారదు కానీ పొగాకు వాడకం తీరు మారిపోతుంది. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం ఒడిశాలో పెద్దవాళ్ళలో నూటికి 45.6 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 20 మంది. తేడా ఎంత ఉందన్నదాని కన్నా ఎక్కడుందన్నది చూడాలి. ఒడిశాలో పొగ తాగేవాళ్ళు 7 శాతమే, నమిలేవాళ్ళూ రుద్దుకునేవాళ్ళూ దాదాపు 43 శాతం. ఆంధ్రలో లెక్క తలకిందులు: పొగ 14, నమిలేది 7. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని తెలుగువాళ్ళు ఈ రెండు అలవాట్లకూ మధ్యలో ఉన్నారు. గోపాలపూర్, ఆర్జిపల్లి వైపు బెస్త వాడల్లో అమ్మమ్మ అడ్డపొగ కాలిస్తే, మనవడు గుట్కా పొట్లం చింపుతాడు, కోడలు పొద్దున్నే బెల్లపు మడ్డితో కలిపిన పొగాకు ముద్ద గుడాఖుతో పళ్ళు తోముతుంది. పాన్‌లో వేసే పొగాకు పొడి గుండి సరేసరి. ఒకే ఇంట్లో మూడు తరాలు, మూడు రకాల పొగాకు.

ఏ నోట్లో పుండు ఎక్కడ పుట్టిందో చూస్తే అలవాటు ఏమిటో చాలావరకు చెప్పొచ్చు. అడ్డపొగైతే అంగుడు. గుట్కా, పాన్, ఖైనీలైతే చెంప లోపల, చిగురుకూ చెంపకూ మధ్య సందు. ఉండను ఏ పక్క దాచుకుంటారో ఆ పక్కే. కారణం కూడా తేలికగానే అర్థమవుతుంది. నిప్పు కొస దగ్గర వేడి నూరు డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి తారు తోడై అంగుడి చర్మాన్ని రోజూ కాలుస్తుంది. నమిలే పొగాకులో వేడి ఉండదు. ఉన్నది నైట్రోసమైన్లు అనే రసాయనాలు. అవి ఉమ్మిలో కరిగి కణాల్లోని డీఎన్ఏను గాయపరుస్తాయి. వక్క కలిస్తే ఇంకో ముప్పు. చెంప లోపలి మెత్తని పొర కింద నారలాంటి కణజాలం పేరుకుని గట్టిపడుతుంది, నోరు కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకపోతే ఆ జబ్బు మొదలైందని అనుమానించాలి. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ‘పొగాకు లేని పాన్ మసాలా’ అని ఊరుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

చెంప–చిగురు క్యాన్సర్ మన దేశపు జబ్బు కాబట్టి దాని జన్యువుల్ని కూడా మనవాళ్ళే చదివారు. నవీ ముంబయిలోని టాటా పరిశోధన కేంద్రం, బెంగాల్‌లో కల్యాణిలోని జన్యు సంస్థ కలిసి 2013లో ఈ కణుతుల జన్యు పటాన్ని బయటపెట్టాయి. మిగతా దేశాల నోటి క్యాన్సర్లలో కనిపించే మార్పులతోపాటు, అంతకుముందు ఈ జబ్బుతో ముడిపెట్టని కొన్ని జన్యువులూ అందులో తేలాయి. అయితే ఆ జన్యువుల్ని గురిపెట్టి కొట్టే మందు ఇంకా రోగి చేతికి రాలేదు. పరిశోధన ముందుకు పోవడం వేరు, రోగికి అందడం వేరు. ఈ తేడా సరిహద్దు జిల్లాల్లో ఇంకా పెద్దదవుతుంది.

ఇక్కడే సిరొంచ గురించి ఒక మాట. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా దక్షిణపు అంచున తెలుగు మాట్లాడే తాలూకా అది. అక్కడ అడ్డపొగ లేదు. వక్క, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి రుద్ది కట్టిచ్చే ఖర్రా ఉంది. ఆ జిల్లాలో 2016 నుంచి ముక్తిపథ్ పేరుతో మద్యం, పొగాకు తగ్గించే కార్యక్రమం నడుస్తోంది. మహారాష్ట్ర గుట్కాను 2012లో, ఒడిశా 2013లో నిషేధించాయి. నిషేధం వచ్చాక ఒక పొట్లం రెండైంది: పాన్ మసాలా విడిగా, పొగాకు విడిగా. కొనేవాడు నోట్లో కలుపుకుంటాడు. చట్టం కాగితం మీద గెలిచింది, పొగాకు నోట్లోనే మిగిలింది.

తొందరగా కనిపెడితే నోటి క్యాన్సర్ నయమవుతుందని చెప్పడం సులువు. ఆ మాటను రుజువు చేయడానికి తిరువనంతపురం దగ్గర ఏళ్ళ తరబడి ఒక పరీక్ష నడిచింది. డాక్టర్లు కాని, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళి నోళ్ళు చూశారు. అనుమానం వస్తే డాక్టర్ దగ్గరికి పంపారు. 2005లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం: పొగాకు లేదా మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. స్కాన్ లేదు, రక్త పరీక్ష లేదు. వెలుతురు, కళ్ళు, ఓపిక, అంతే. దీన్ని ఆధారం చేసుకునే 30 ఏళ్ళు దాటిన అందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయాలని కేంద్రం నిర్ణయించింది. అమలు ఎంతవరకు వచ్చిందంటే, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా నోటి క్యాన్సర్ పరీక్ష చేయించుకున్న ఆడవాళ్ళు దేశం మొత్తంలో నూటికి ఒక్కరు కూడా లేరు. ఏటా లక్షన్నరకు దగ్గరగా కొత్త నోటి క్యాన్సర్ కేసులు వచ్చే దేశంలో ఇది.

రొమ్ముకూ గర్భాశయ ముఖద్వారానికీ ఇలాంటి చేతి పరీక్షలే ఉన్నాయి. ముంబయి బస్తీల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు వెనిగర్ రాసి చూసే పరీక్షతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మహారాష్ట్రలోనే ఉస్మానాబాద్ జిల్లాలో జీవితంలో ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌ను తెచ్చే వైరస్) పరీక్ష ఆ మరణాలను దాదాపు సగానికి తగ్గించిందని 2009లో తేలింది.

హెచ్‌పీవీ అనగానే తెలుగువాళ్ళకు ఖమ్మం గుర్తొస్తుంది. రావాలి కూడా. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం వంటి మండలాల్లో వేల మంది ఆడపిల్లలకు ఆ వైరస్‌ను అడ్డుకునే టీకా వేశారు. కొన్ని మరణాలు జరిగాయి, గొడవైంది, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ తల్లిదండ్రులకు సరిగా చెప్పకుండా, హాస్టల్ వార్డెన్ల సంతకాలతో పిల్లలకు సూది వేశారన్నది మాత్రం నిజమైన తప్పు. పార్లమెంటు సంఘం 2013లో దాన్ని గట్టిగానే తప్పుపట్టింది. విడ్డూరమేమిటంటే, ఆ గొడవ కారణంగానే దేశంలో నడుస్తున్న మరో హెచ్‌పీవీ పరిశోధన కూడా మధ్యలో ఆగిపోయింది. చాలామంది పిల్లలకు ఒక్క డోసే పడింది, రెండోది పడలేదు. వాళ్ళను పదేళ్ళు గమనిస్తే ఒక్క డోసు కూడా దాదాపు అంతే రక్షణ ఇచ్చిందని తెలిసింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒక్క డోసు చాలన్నారంటే అందులో ఈ అసంపూర్తి పరిశోధన పాలు ఉంది. సీరమ్ ఇన్‌స్టిట్యూట్ టీకా సెర్వావాక్ వచ్చాక ధర కూడా దిగింది. అయినా ఒడిశా అంచున శబరి, సీలేరు కలిసే మోటు దగ్గర గానీ దాని అవతలి మండలాల్లో గానీ ఈ టీకాను మళ్ళీ తీసుకుపోయేవాళ్ళు ముందు పాత సంగతి ఒప్పుకుని మాట్లాడాలి. సైన్సు గెలిచిందని చెప్పి తోసేస్తే, అప్పుడు నమ్మని జనం ఇప్పుడూ నమ్మరు.

చికిత్సకు వస్తే, 2015 నుంచి నోటి క్యాన్సర్ రోగి బతుకును మార్చిన మూడు ఫలితాలు ముంబయి క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ నుంచే వచ్చాయి. మొదటిది ఆపరేషన్‌కు సంబంధించింది. నోట్లో చిన్న పుండు, మెడలో గడ్డ తగలడం లేదు. అప్పుడు మెడలోని గ్రంథులు కూడా ముందే తీసేయాలా, ఉబ్బినప్పుడు చూద్దామా? దశాబ్దాలుగా సర్జన్లు దీని మీద కొట్టుకున్నారు. 2015లో తేలింది: ముందే తీసినవాళ్ళలో మూడేళ్ళకు నూటికి 80 మంది బతికారు, వేచి చూసినవాళ్ళలో 67 మందే. దూరాన్నుంచి వచ్చే రోగికి ఇది రెండింతలు ముఖ్యం. ‘మూడు నెలలకోసారి వచ్చి చూపించుకో’ అనే సలహా ముంబయిలో ఉండేవాడికి నప్పుతుంది, గజపతి జిల్లా మోహన నుంచో రాయగడ జిల్లా గుణుపూర్ నుంచో వచ్చేవాడికి నప్పదు.

రెండోది మాత్రలు. జబ్బు ముదిరి, ఆపరేషన్‌కు అవకాశం లేనివాళ్ళకు సిస్‌ప్లాటిన్ అనే మందు సెలైన్‌లో ఎక్కించడం మామూలు పద్ధతి. దానికి మూడు వారాలకోసారి ఆసుపత్రికి పోవాలి, వాంతులు, కిడ్నీ భయం. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం, వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్ర, రోజూ సెలెకాక్సిబ్ మాత్ర ఇచ్చిన రోగులు అంతకన్నా కొంచెం ఎక్కువ కాలమే బతికారు: 6.1 నెలలకు బదులు 7.5 నెలలు. బాధలూ తగ్గాయి. నెలన్నరేనా అనిపించొచ్చు. కానీ ఆ నెలలు రైల్లోనూ వార్డులోనూ కాకుండా ఇంట్లో గడుస్తాయి.

మెథోట్రెక్సేట్ వెనుక ఉన్నది మనవారే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు, ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకు పనిచేస్తుంది. ఫోలిక్ ఆమ్లం కణాలు పెరగడానికి కావాలి, మరి దాన్ని అడ్డుకుంటే క్యాన్సర్ కణం ఆగుతుందా? ఆయన బృందం తయారుచేసిన ఆ అడ్డుకునే మందుల్లో ఒకటి అమినోప్టెరిన్. దాన్నే సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో లుకేమియా పిల్లలకిచ్చి 1948లో ఫలితం చూపించాడు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువు. సుబ్బారావు ఆ ఏడాదే చనిపోయారు. అంత పాత మందు, ఇంత తక్కువ ధరకు, ఇవాళ పర్లాకిమిడి మందుల షాపులో దొరికే మాత్ర. కీళ్ళ జబ్బుకు ఇదే వాడతారు కాబట్టి ఒక హెచ్చరిక: ఇది వారానికోసారి వేసుకునే మాత్ర. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

మూడోది ఇమ్యూనోథెరపీ. నివోలుమాబ్ అనే మందు శరీరపు రక్షణ కణాలకు క్యాన్సర్ వేసిన తాళం తీస్తుంది. పూర్తి డోసు ఖర్చు ఈ ప్రాంతపు రైతు కుటుంబం తలకెత్తుకునేది కాదు. టాటా వైద్యులు మామూలు డోసులో పదో వంతు కన్నా తక్కువ, మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు, పైన చెప్పిన మాత్రలకూ ఎర్లోటినిబ్ అనే మరో మాత్రకూ జోడించి ఇచ్చారు. ఏడాది తర్వాత బతికున్నవాళ్ళు నూటికి 16 నుంచి 43కి పెరిగారు. ధర తగ్గించడానికి డోసు తగ్గించడం మందుల కంపెనీ చేసే పరిశోధన కాదు. చేస్తే ప్రభుత్వాసుపత్రే చేయాలి. రోగి సొంత రక్షణ కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే కార్ టీ కణ చికిత్సను ఐఐటీ బొంబాయి, టాటా కలిసి చేశాయి, దానికి 2023లో అనుమతి వచ్చింది. గొప్ప సంగతే. అయితే అది కొన్ని రక్త క్యాన్సర్లకు, లక్షల ఖర్చుతో. ఈ జిల్లాల్లో రోజూ కనిపించే చెంప పుండుకు దానితో పని లేదు.

మరి రోగి ఎక్కడికి పోతాడు? బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఉంది, 1962 నాటిది. క్యాన్సర్‌కు ఒడిశాలో పెద్ద దిక్కు కటక్ ఆచార్య హరిహర సంస్థ. ఒడిశా జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగా కీమో ఇచ్చే ఏర్పాటు ఉంది. దేశవ్యాప్తంగా జిల్లాకో డే కేర్ క్యాన్సర్ కేంద్రమని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. రెండో వైపు, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ ఆధ్వర్యంలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి. తెలుగువాడు సహజంగా విశాఖ వైపే చూస్తాడు, అక్కడ తన మాట చెల్లుతుంది. కార్డు చెల్లుతుందా అన్నది ప్రశ్న. ఆంధ్ర ప్రభుత్వపు ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ ఆంధ్ర కుటుంబాలకే. ఒడిశా చాలాకాలం ఆయుష్మాన్ భారత్‌లో చేరకుండా సొంత పథకం నడిపింది. 2025 ఏప్రిల్ నుంచి చేరింది. ఆయుష్మాన్ కార్డుకు రాష్ట్రం హద్దు లేదు, పథకంలో నమోదైన ఆసుపత్రి ఎక్కడున్నా పనిచేస్తుంది. బయల్దేరే ముందు ఆ ఆసుపత్రిలో తన చికిత్సకు కార్డు వర్తిస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. రైలు ఛార్జీ సంగతి కూడా చాలామందికి తెలియదు. చికిత్సకు వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్ళేవాళ్ళకు 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి ఇచ్చే పత్రం ఉండాలి.

ఇక భాష. ఒడియాలో క్యాన్సర్‌ను కర్కట రోగం అంటారు, మన పెద్దవాళ్ళు రాచపుండు అనేవారు. ఆసుపత్రి గోడ మీద ఒడియా పోస్టర్, చేతిలో ఇంగ్లీషు చీటీ, ఇంట్లో తెలుగు. మహేంద్రతనయకు ఇవతల పాతపట్నం, అవతల పర్లాకిమిడి. ఒక ఒడ్డున తెలుగులో చెప్పే సంగతి రెండో ఒడ్డున అదే తెలుగువాళ్ళకు ఒడియాలో వస్తుంది. జనం మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి వాదం మొదలుపెట్టింది ఈ పర్లాకిమిడిలోనే. సవర పిల్లలకు సవరలో పాఠాలు రాసిందీ ఇక్కడే. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరొదిలి వెళ్ళారు. ఈ కొండల్లో ఒక కరపత్రం ఒడియాలో, తెలుగులో, సవరలో అచ్చేయడం పెద్ద ఖర్చు కాదు.

చివరికి అసలు చిక్కు పరీక్ష చేసే తీరులోనే ఉంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నింపే ఫారంలో పొగ తాగుతారా, గుట్కా ఖైనీ వంటివి వాడతారా అనే ప్రశ్న ఒక్కటే. ఏ కొస నోట్లో పెట్టుకుంటారని అడగదు. అడ్డపొగ కాల్చే పెద్దామె కొత్తవాళ్ళ ముందు చుట్ట తీయదు, ‘లేదమ్మా’ అనేస్తుంది. నోరు చూసినా కార్యకర్త కళ్ళు చెంపల మీదికి, నాలుక కిందికి పోతాయి. శిక్షణలో ఎక్కువగా చెప్పేది అదే, దేశంలో ఎక్కువ పుళ్ళు పుట్టేదీ అక్కడే. అంగుడు మాత్రం ఎదురుగా నిలబడి చూస్తే కనిపించదు. పెద్దామెను పగటి వెలుతురులో కుర్చీలో కూర్చోబెట్టాలి. కట్టుడు పళ్ళుంటే తీయించాలి. ‘తల వెనక్కి వంచమ్మా’ అని అడిగి, టార్చి వెలుగు పైకి వేసి చూడాలి. తెల్లమచ్చ మధ్యలో ఎర్రటి మరక ఉన్నా, రెండు వారాలైనా మానని పుండు ఉన్నా, అదే రోజు పేరు రాసి పంపాలి. తెల్లదాని కన్నా ఎర్రది ఎక్కువ ప్రమాదం. అది చాలాసార్లు నొప్పి పెట్టదు కూడా.